అప్పలకొండమ్మ వెనకాల మనిషి లేడు

ఆ ఆదివారం చిన్నారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు అట్లు తినాలి. వెనక వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకోవాలి. సాయంత్రం ఆరులోపు తన జట్టుకు ఒక క్యాచర్‌ని వెతుక్కోవాలి. పెద్ద పెద్ద పథకాలు వేసుకునేవాళ్లకే పాడయ్యేవి ఎక్కువ ఉంటాయని అతని లెక్క. ఆ లెక్క ఆ రోజు తప్పింది.

చిన్నారావు కిరందుల్ ఇనుప గనిలో టైర్ షాపు మనిషి. ఖనిజం మోసే డంపర్ లారీ టైరు మనిషి కంటే ఎత్తుంటుంది. అది కొండ మీద పేలితే అక్కడికే వెళ్లి, ఎర్రబురదలో మోకాళ్ల దాకా దిగి మార్చి రావాలి. ఎవరు వెళ్లాలో, ఎవరు షాపులో కూర్చుని టీ తాగాలో ఇన్‌చార్జి రాజేశ్వరరావు చెబుతాడు. వాన పడ్డప్పుడల్లా ఆయనకు ముందుగా గుర్తొచ్చే పేరు చిన్నారావుది. దాన్ని అభిమానం అనుకుంటే మనసుకు హాయి.

అలాంటివాడికి, ఎవరు ఎక్కడ నిలబడాలో తానే చెప్పే చోటు ఒకటి దొరికింది. అది ఫోన్‌లో బేస్‌బాల్ ఆట. అసలు బేస్‌బాల్‌ని షాపులో ఎవరూ కళ్లతో చూడలేదు. కానీ క్రికెట్ ఆటలో బొమ్మలెక్కువ, టౌన్‌షిప్ సిగ్నలుకు ఓపిక తక్కువ. ఇందులో బొమ్మలే లేవు. పేర్లు, అంకెలు, అంతే. ఏ స్థానంలో ఎవరు నిలబడాలి, వాళ్లు అలిసిపోతే వాళ్ల వెనకాల ఎవరు రావాలి అన్నది చెప్పి ఊరుకోవడమే మన పని. సాయంత్రం ఆరుకు జట్టుకు తాళం పడుతుంది. ఏడుకు కంప్యూటర్ తనే ఆడేసి ఫలితం చెబుతుంది. తాను చేయకుండా ఎదుటివాడికి పని చెప్పడం ఒక్కటే ఉన్న ఆట కాబట్టి, షాపంతా దానికి అతుక్కుపోయింది.

మొదట్లో ఆటగాళ్లవన్నీ అమెరికా పేర్లు. ఎవరికీ నోరు తిరగలేదు. పేర్లు మార్చుకోవచ్చని, మార్చినవి ఎవరి ఫోన్‌లో వాళ్లకే కనబడతాయని తెలిశాక చిన్నారావు టౌన్‌షిప్‌నంతా జట్టులోకి దింపాడు. క్యాచర్ అంటే బ్యాటు పట్టినవాడి వెనకాల మ్యాచంతా గొంతుకూర్చుని, ఒక్క బంతినీ పోనివ్వకుండా చూసేవాడు. ఆ చోటికి అత్త అప్పలకొండమ్మ పేరు తప్ప ఇంకోటి తట్టలేదు. ఆమె వంటింటి పీట మీద కూర్చుందంటే ఆమె చూపు దాటి పిల్లి కూడా పోదు. ఎటు వచ్చిన బంతికైనా పరుగెత్తాల్సిన షార్ట్‌స్టాప్ స్థానంలో భార్య ఇంద్రాణి. పక్క క్వార్టర్ రీనాకి బెంచీ. రాజేశ్వరరావుకి ఎక్కడో కుడివైపు చివర, అదీ వెల్డర్ సుక్రాం వెనకాల.

ఆ రాత్రి ఫైనలు. ఎదుటి జట్టు రాజేశ్వరరావుదే. పందెం కూడా ఉంది. విశ్వకర్మ పూజ నాడు షాపులో జరిగే భోజనాల్లో గెలిచినవాడు మొదటి పంక్తిలో మొదటి విస్తరి ముందు కూర్చుంటాడు. ఓడినవాడు సాంబారు బకెట్ పట్టుకుని వడ్డిస్తాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ బకెట్ చిన్నారావుదే. మొదటి విస్తరి రాజేశ్వరరావుది. ప్రతి ఏడూ ఆయన వేలు చూపించి, "అడుగు నుంచి ముక్కలు తీసి వెయ్యవయ్యా" అనేవాడు. ఆ ఒక్క మాట ఆయన చేతిలో బకెట్ ఉండగా తాను అనాలి. చిన్నారావుకు జీవితంలో మిగిలిన ఆశయాల్లో అదే గట్టిది.

చిక్కల్లా క్యాచర్‌తోనే వచ్చింది. అప్పలకొండమ్మ పేరు పక్కన ఓపిక గీత ఎర్రబడిపోయింది. మోకాళ్లు దెబ్బతిన్నాయని గుర్తు పడింది. ఆమె వెనకాల ఇంకో క్యాచర్ లేడు. పొద్దున్నే పక్క ఊరు బచేలీలో ఉన్న బావమరిది ఉమామహేష్‌కి, ఆమెను తీసుకుని ఇద్దరు కుర్ర క్యాచర్లను ఇమ్మని కబురు పెట్టాడు. ఉమామహేష్ అప్పలకొండమ్మ సొంత కొడుకు. వాడికీ అదే ఆటలో ఒక జట్టుంది. తర్వాత చిన్నారావు మాడకు ఫోన్ చేశాడు. మాడ అతని జట్టులో సగం భాగస్తుడు. సెలవు మీద భేజ్జి పల్లెకు వెళ్లాడు. అక్కడ ఒక గుట్టెక్కితే తప్ప సిగ్నల్ అందదు, అందినా అరిస్తే తప్ప వినబడదు.

అందుకని చిన్నారావు అరిచాడు.

"అప్పలకొండమ్మ పని అయిపోయిందిరా. మోకాళ్లు పోయాయి. ఇంక ఆమెను పెట్టుకుని లాభం లేదు. ఉమామహేష్‌కి ఇచ్చేసి ఇద్దరు కుర్రవాళ్లను తెచ్చుకుందాం."

వరండా గోడకు అవతల వంటింట్లో అసలు అప్పలకొండమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. ఆమె చిన్నారావుకు అత్త మాత్రమే కాదు, సొంత మేనత్త కూడా. ఎత్తుకుని పెంచింది, తర్వాత పిల్లనిచ్చింది. ఇంద్రాణి బజారుకు వెళ్లడం వల్ల ఇంట్లో ఇంకెవరూ లేరు. గింజ తీసిన చేయి అలాగే ఆగిపోయింది. ఆమె ఏడవలేదు, అరవలేదు. చేతులు కడుక్కుని కొడుక్కి ఫోన్ చేసింది. సిన్నారావు నన్ను నీకిచ్చేత్తన్నాడంట, తీసుకుంటావా లేదా అని సూటిగా అడిగింది.

బావ అమ్మకు ఆట చూపించి ఉంటాడని ఉమామహేష్ అనుకున్నాడు. ఈ వయసులో ఆమెకు ఇలాంటి ఉత్సాహం వచ్చినందుకు సంతోషించాడు కూడా.

"ఇంకా తేల్చుకోలేదమ్మా" అన్నాడు హుషారుగా. "మోకాళ్లు మరీ పాడయ్యాయంట కదా. నా దగ్గర మా అత్త ఉండనే ఉంది. ఇద్దర్నీ పెట్టుకుంటే ఒకరు ఊరికే కూచోవాల. సాయంత్రం ఆరులోపు సెప్తానులే."

అతని జట్టులో క్యాచర్ పేరు వాళ్లత్తగారిది. ఈ కుటుంబంలో క్యాచర్లందరూ అత్తలే. ఆ సంగతి అప్పలకొండమ్మకు తెలియదు. ఉమామహేష్ ఇంట్లో వాళ్లత్తగారు నిజంగానే ఉంటుందని మాత్రం బాగా తెలుసు. ఆమె మంచం కింద నుంచి రేకు పెట్టె లాగి, రెండు చీరలు, మోకాళ్లకు రాసుకునే తైలం సీసా అందులో పెట్టుకుంది. పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు గుమ్మం నుంచి బయటికి నడిచింది. వెనక వరండాలో అల్లుడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

టౌన్‌షిప్‌లో కుళాయి కారినా, పెరట్లో పాము దూరినా, మొగుడూ పెళ్లాం కొట్టుకున్నా ముందు వెళ్లేది ఇన్‌చార్జి గుమ్మానికే. అలా వెళ్లాలని ఎవరూ చెప్పలేదు. షిఫ్టులో మనిషిని నిలబెట్టే పెద్దాయనే ఇంట్లోనూ నిలబెట్టాలని జనం అనుకుంటారు, ఆయనా కాదనడు. కాబట్టి అప్పలకొండమ్మ తిన్నగా రాజేశ్వరరావు క్వార్టరుకు వెళ్లింది. దారిలో అడిగినవాళ్లకు జరిగింది చెప్పింది. ఆమె చెప్పింది రెండు ముక్కలే. క్వార్టర్ల లైను చివరికి వెళ్లేసరికి దానికి కాళ్లూ చేతులూ మొలిచాయి.

బజారు నుంచి వస్తున్న ఇంద్రాణికి గేటు దగ్గర టీకొట్టులో ఆ కబురు తగిలింది. అప్పటికది ఇలా తయారైంది. చిన్నారావు అత్తను బచేలీకి పంపేసి, బదులుగా అక్కడి నుంచి ఇద్దరు పడుచుపిల్లల్ని తెచ్చుకుంటున్నాడు. ఇంద్రాణి నమ్మలేదు. తన మొగుడికి అంత చొరవ లేదని ఆమెకు తెలుసు. అయినా అడుగుల వేగం పెంచింది. పక్కనే రీనా, టమాటాల సంచీ పట్టుకుని, ఇలాంటివి తమ ఊళ్లో కూడా జరిగాయని ఓదారుస్తూ నడిచింది.

ఇద్దరూ ఇంటి వెనక్కి వచ్చేసరికి చిన్నారావు పెరటివైపు వీపు పెట్టి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాడతో మాట్లాడుతున్నాడు. కుర్ర క్యాచర్లను ఇవ్వనని ఉమామహేష్ అప్పుడే తేల్చేశాడు. ఇంక ఉన్నవాళ్లనే అటూ ఇటూ మార్చుకోవాలి.

"పోనీ ఇంద్రాణిని అత్త చోట్లోకి నెట్టేద్దాం" అంటున్నాడు. "ఇంద్రాణి చోట్లో రీనాని పెడదాం. కొత్తదే, కానీ కాళ్లలో చురుకుంది."

"రీనా వద్దన్నా" అని గుట్ట మీద నుంచి మాడ గొంతు వరండా అంతా వినబడింది. "ఆమె చేతిల పట్టు లేదు. ఏదిచ్చినా కింద పడేస్తది."

రీనా చేతిలోని సంచీ కింద పడింది. టమాటాలు మెట్లు దిగి పెరట్లోకి దొర్లిపోయాయి.

చిన్నారావు వెనక్కి తిరిగాడు. భార్య ముఖం చూశాడు, రీనా ముఖం చూశాడు, టమాటాలు చూశాడు. వాటి వెనకే పెరటి గేటు తీసుకుని రాజేశ్వరరావు వస్తున్నాడు. అప్పుడే మొదలైన వానకు ఒక చేతిలో గొడుగు, రెండో చేతిలో రేకు పెట్టె. గొడుగు కింద అప్పలకొండమ్మ.

"ఏమయ్యా" అన్నాడు రాజేశ్వరరావు పెట్టె దింపి, అరచేయి రుద్దుకుంటూ. "పెద్దావిడను మార్పిడికి పెట్టావట. ఏమిటిది?"

ఏ మార్పిడి అని చిన్నారావు నిజంగానే అడిగాడు. అది అందరికీ మరీ కోపం తెప్పించింది. ఇంద్రాణి ఆ పడుచుపిల్లలెవరో ముందు చెప్పమంది. రీనా తనకు ఈ ఇంట్లో ఏ చోటూ వద్దని హిందీలో రెండుసార్లు, తెలుగులో ఒకసారి చెప్పింది. అప్పలకొండమ్మ మాత్రం మెల్లిగా మాట్లాడింది.

"నీకు గోరుముద్దలెట్టిన సేతులివి. మోకాల్లు పోతే మనిసిని ఇచ్చేత్తారేటిరా? ఈ ఇంట్లో నా సోటేటో ఇన్నాల్టికి తెలిసింది."

చిన్నారావుకు అప్పుడు వెలిగింది.  నోటితో చెబితే ఎవరూ నమ్మరని ఫోన్ తిప్పి చూపించాడు. క్యాచర్ అప్పలకొండమ్మ, షార్ట్‌స్టాప్ ఇంద్రాణి, బెంచీ మీద రీనా. అందరూ వంగి చూశారు.  మొదట ఇంద్రాణే నవ్వింది. పడుచుపిల్లలు కుర్ర క్యాచర్లని తేలాక అప్పలకొండమ్మ కూడా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కడితో ముగిస్తే బాగుండేది. కానీ పేర్లున్నచోట తన పేరు వెతుక్కోని మనిషి ఎక్కడా ఉండడు.

"నేనెక్కడున్నానయ్యా?" అన్నాడు రాజేశ్వరరావు, కళ్లజోడు సవరించుకుంటూ.

చిన్నారావు ఫోన్ వెనక్కి తీసుకోబోయాడు. ఆయన అప్పటికే వేలితో కిందికి జరిపేశాడు. చివర్లో ఉంది. కుడి చివర స్థానం, మొదటి మనిషి సుక్రాం, వెనకాల రాజేశ్వరరావు. అది చాలా బాధ్యత గల స్థానమని, దూరం నుంచి బంతి విసరాలని, మీ చేతి బలం చూసే పెట్టానని చిన్నారావు గబగబా చెప్పుకుంటూ పోయాడు. ఆ మాటల్లో చేతి బలం నిజమే. అంకె కూడా ఎక్కువే ఉంది. కానీ స్పీకర్‌లో ఇంకా మాడ ఉన్నాడన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

"ఆడ దాకా బంతి రాదని కదన్నా పెట్టినం" అన్నాడు మాడ.

  రాజేశ్వరరావు కళ్లు తన పేరు మీద నుంచి నెమ్మదిగా పైకి వెళ్లి, అప్పలకొండమ్మ పేరు పక్కనున్న ఎర్ర గీత మీద ఆగాయి. ఆమె వెనకాల ఖాళీ చూశాయి. బేస్‌బాల్‌లో దొంగపరుగు అని ఒకటుంది. క్యాచర్ లేచి బంతి విసిరేలోపు, పరుగుకు మెట్లలా ఉండే బేసుల్లో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఉరికేయడం. క్యాచర్‌కి మోకాళ్లు లేవకపోతే దొంగలకు అడ్డే ఉండదు. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇవాళ మావాళ్లందరినీ పరుగెత్తమంటాను" అని, గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు. ఆయన నడకలో పెట్టె బరువు దిగిన హాయి ఒక్కటే కాదు, ఇంకేదో కూడా ఉంది.

చిన్నారావు కుర్చీలో కూలబడ్డాడు. ఫైనలుకు ముందు శత్రువును ఇంటికి రప్పించి, ఎక్కడ పొడవాలో వేలు పెట్టి చూపించిన మేనేజరు ప్రపంచంలో ఇంకొకడు ఉండడు. సాంబారు బకెట్ పిడి అరచేతికి తగులుతున్నట్టే ఉంది. ఇంద్రాణి టమాటాలు ఏరుకుంటోంది. రీనా తన చేతిలో పట్టుందని చూపించడానికి ఒక్కొక్కటీ రెండు చేతులతో పట్టుకుని సంచీలో వేస్తోంది.

అప్పలకొండమ్మ పీట తెచ్చుకుని అల్లుడి పక్కన కూర్చుంది. ఆ క్యాచర్ అనేవాడి పనేమిటో చెప్పమంది. గొంతుకూర్చోవాలని, చూస్తూ ఉండాలని, దొంగ లేస్తే విసరాలని చెప్పాడు. ఎన్నాళ్ల నుంచి కూర్చోబెట్టావని అడిగింది. సీజను మొదలైన దగ్గర నుంచి ప్రతి మ్యాచూ ఆమే ఆడిందన్నాడు.

"ఒక్కనాడూ సెలవియ్యలేదేటి?"

"నీ వెనకాల ఎవరూ లేరు కదా అత్తా."

"ఎవరూ లేరా, నువ్వెవర్నీ ఎట్టలేదా?"

చిన్నారావు ఫోన్‌కేసి చూశాడు. షాపులో వారాంతపు సెలవు ఒక్కటి తప్పినా యూనియన్ ఆఫీసు మెట్ల మీద కూర్చునే మనిషి అతను. తన జట్టులో అప్పలకొండమ్మకూ ఇంద్రాణికీ ఒక్క రోజు విరామం ఇవ్వలేదని అంకెలు అక్కడే కనబడుతున్నాయి. ఇంద్రాణి టమాటాలు ఏరడం ఆపి వింటోంది.  

అప్పలకొండమ్మ కళ్లజోడు తుడుచుకుని ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. పెళ్లి వంటలకు మనుషుల్ని సర్దే చేయి అది. పులుసు దగ్గర ఎవరు, గంటె నొప్పెడితే వాళ్ల వెనకాల ఎవరు అని ఎన్ని పందిళ్లలో చూసిందో లెక్కలేదు. ఒక్కొక్కరి ఓపిక గీత చూపించమంది. ఎర్రవి, పసుపువి దాటుకుంటూ పోయి ఒక్కచోట ఆగింది. పచ్చగా, నిండుగా, సీజనంతా అడుగు కదపని మనిషి. చేతి బలం అందరికంటే ఎక్కువ.

"రాజేస్సర్రావు బాబు" అంది. "ఈయన్నెట్టు."

ఆయన క్యాచర్ కాదని, ఎప్పుడూ ఆ పని చేయలేదని చిన్నారావు మొత్తుకున్నాడు. ఆమె వినలేదు.

"రోజంతా కూకుని, అందరి మీదా కన్నేసి, ఎవరు లెగిసినా ఆపేది ఆయన కాదేటి? ఆ పనికి ఆయన్ని మించినోడు ఈ ఊర్లో ఉన్నాడా?"

దానికి ఎదురు చెప్పడం టైర్ షాపులో పనిచేసిన ఎవడికీ సాధ్యం కాదు. రాజేశ్వరరావు క్యాచర్ అయ్యాడు. అప్పలకొండమ్మ బెంచీ మీద కూర్చుంది. ఇంద్రాణికి కూడా సెలవిచ్చి ఆ చోట్లో రీనాని పెట్టారు. రీనా తన పేరు పక్కన ఆ స్థానం రెండుసార్లు చదువుకుని, టీ పెడతానని లోపలికి వెళ్లింది. ఆరుకు తాళం పడింది.

ఏడు దాటాక ఫలితం వచ్చింది. రాజేశ్వరరావు జట్టు అన్నమాట ప్రకారం అందరినీ పరుగెత్తించింది. అసలు క్యాచర్ అలసిపోయి లేచే స్థితిలో లేదని దానికి గట్టి సమాచారం ఉంది. లేచినవాణ్ణి లేచినట్టే కొత్త క్యాచర్ అవుట్ చేశాడు. ఒక్కడు కూడా రెండో మెట్టు చేరలేదు. రీనా చేతిలో నుంచి ఒక్క బంతీ జారలేదు. చిన్నారావు జట్టు ఒక్క పరుగు తేడాతో గెలిచింది.

కాసేపటికి ఫోన్ మోగింది.

"నీ క్యాచర్ ఎవరయ్యా?" అన్నాడు రాజేశ్వరరావు.

"మీరే సార్."



"బాగా ఆడానా?"

"చాలా బాగా ఆడారు సార్. మీవాళ్లను ఒక్కర్ని కూడా కదలనివ్వలేదు."

"ఊఁ" అన్నాడాయన. ఓడినందుకు బాధో, ఓడించినందుకు గర్వమో చిన్నారావుకు అంతుపట్టలేదు. బహుశా ఆయనకూ పట్టలేదు. "కుడి చివర పెట్టడం మాత్రం బాలేదయ్యా" అని పెట్టేశాడు.

విశ్వకర్మ పూజ నాడు వాన తెరిపిచ్చింది. కడిగి బొట్లు పెట్టిన టైర్ల మధ్య విస్తర్లు వేశారు. మొదటి పంక్తిలో మొదటి విస్తరి గెలిచిన మేనేజరుది. గెలిపించిన మేనేజరు ఎవరో టౌన్‌షిప్‌లో అందరికీ తెలిసిపోయింది కాబట్టి అక్కడ అప్పలకొండమ్మ కూర్చుంది. రాజేశ్వరరావు ప్యాంటు పైకి మడుచుకుని సాంబారు బకెట్ పట్టుకుని వచ్చాడు. ఆమె మర్యాదగా తలెత్తి, వేలు చూపించింది.

"అడుగు నించి ముక్కలు తీసి ఎయ్యండి బాబూ."

చిన్నారావు ఇన్నేళ్లుగా దాచుకున్న మాట అది. దాన్ని తన చెవులతో వినడానికైనా నోచుకున్నాడు. ఎందుకంటే అతను రాజేశ్వరరావు వెనకాలే, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బకెట్ బరువుకు పెద్దాయన చేయి లాగితే అందుకోవడానికి ఒక మనిషి ఉండాలని అప్పలకొండమ్మ సర్దిన సర్దుబాటు అది. మూడో పంక్తికి చేయి లాగింది కూడా. రెండు చేతులూ కలిసి పట్టుకుంటే బకెట్ తేలికగానే ఉందని ఇద్దరూ ఒప్పుకున్నారు.

రేకు పెట్టె మళ్లీ మంచం కిందికి చేరింది. తైలం సీసా మాత్రం కిటికీలోనే ఉంది, ఎవరైనా తీసి రాయడానికి వీలుగా. ఇంట్లో ఇప్పుడు ప్రతి పనికీ ముందొకరు, వెనకాల ఒకరు ఉన్నారు. ఆదివారాలు అప్పలకొండమ్మకూ ఇంద్రాణికీ వంటింటి నుంచి పూర్తి సెలవు.

ఆ పూట పొయ్యి దగ్గర నిలబడే చిన్నారావు వెనకాల మాత్రం మనిషి లేడు.